ఒకే పళ్ళెం, ఒకే చెంచా

చెంచా కడగడం సవేతకి రోజూ ఉండే పనే. ఇంట్లో చెంచా కాదు, ఊరికి పేరు తెచ్చిపెట్టిన చెక్క చెంచా. పొద్దున్నే బస్సు దిగినవాళ్ళు దాన్ని పట్టుకుని ఫోటోలు దిగుతారు. మొగుడు పెళ్ళాం నోట్లో పెడుతున్నట్టు ఒకటి, పెళ్ళాం మొగుడి నెత్తిన కొడుతున్నట్టు ఇంకొకటి. కొందరు నిజంగానే నోట్లో పెట్టుకుంటారు. సాయంత్రం గుట్ట మీద గది తలుపుకి తాళం వేసి, చెంచానీ పళ్ళేన్నీ గుడ్డలో చుట్టి ఇంటికి తెచ్చి, వేడినీళ్ళలో వెనిగర్ పోసి తోమి, పొయ్యి పక్కన ఆరబెడుతుంది. ఇంట్లో వాళ్ళు తిన్న గిన్నెల వంతు ఆ తర్వాత. ఇరవై రెండేళ్ళుగా ఇదే వరస.

రాకిత్సెల్ అనే ఆ ఊరు ట్రాన్సిల్వేనియా కొండల్లో ఉంది. ఊరి మధ్య గుట్ట మీద కోటగోడలు కట్టిన పాత చర్చి, ఆ గోడల్లో ఒక బురుజు, బురుజు అడుగున ఒక చిన్న గది. ఆ గది కథ చెప్పడం సవేత భర్త తావి పని. అసలు పేరు ఒక్తావియాన్, ఊరంతా తావి అనే పిలుస్తుంది. బస్సుల్లో వచ్చినవాళ్ళని గది ముందు నిలబెట్టి, టోపీ వెనక్కి నెట్టుకుని మొదలుపెడతాడు. "వెనకటి రోజుల్లో ఈ ఊళ్ళో విడిపోతామన్న మొగుడూ పెళ్ళాల్ని పాస్టరు గారు తీసుకొచ్చి రెండు వారాలు ఇందులో పెట్టి తాళం వేసేవాడు. ఒకే మంచం, అదీ ఇరుకు. ఒకే కుర్చీ. ఒకే పళ్ళెం. ఒకే చెంచా. మూడు వందల ఏళ్ళలో ఇందులోంచి బయటికొచ్చి కూడా విడిపోయిన జంటలెన్నో చెప్పండి చూద్దాం?" ఒకరు పది అంటారు, ఒకరు యాభై అంటారు. తావి అందరి మొహాలూ ఒకసారి చూసి, వేలు పైకెత్తి, "ఒక్కటి" అంటాడు. అందరూ విరగబడి నవ్వుతారు. నవ్వు అయ్యాక మొగుళ్ళు పెళ్ళాల భుజాల మీద చేతులేసుకుని లోపలికి వెళ్తారు.

తావి కథ పావుగంట. ఆ పావుగంటకి ముందూ వెనకా ఉన్న రోజంతా సవేతది. గది ఊడ్చేది ఆమె, మంచం మీద దుప్పటి మార్చేది ఆమె, కిటికీలో గూడు కట్టే పావురాలతో పోట్లాడేది ఆమె. తలుపు మీద అట్టముక్క ఉంటుంది. 'గైడు: ఒక్తావియాన్' అని పెద్ద అక్షరాల్లో, దాని కింద ఫోన్ నంబరు. నంబరు మాత్రం సవేతది. పిండి కలుపుతున్నా, బట్టలు ఆరేస్తున్నా, జ్వరంతో పడుకున్నా ఫోన్ మోగితే తాళంచెవి పట్టుకుని నూట పన్నెండు మెట్లు ఎక్కాలి. గది పని చేతికొచ్చిన కొత్తలో ఒకసారి, కథ నేను కూడా చెప్తాను, నాకూ వచ్చు కదా అంది. అత్తగారు అప్పుడు బతికే ఉంది. "నా కొడుక్కి నోరుంది, నీకు కాళ్ళున్నాయి. ఎవరి పని వాళ్ళు చేసుకుంటే కాపురం సాగుతుంది" అంది ఆవిడ, బంగాళాదుంపలు ఒలుస్తూ. పైగా ఎంతో మంచి మాట చెప్పినట్టు మొహం పెట్టింది.

ఒకప్పుడు వారానికి ఇద్దరో ముగ్గురో, అదీ దారి తప్పినవాళ్ళు వచ్చేవాళ్ళు. ఇప్పుడు పెద్ద పెద్ద ఊళ్ళన్నీ చూసి మొహం మొత్తినవాళ్ళు కాళ్ళకి బలపాలు కట్టుకుని, ఎవరూ చూడని ఊళ్ళే చూస్తామని బయల్దేరుతున్నారు. 'ఐరోపాలో మీరు వినని ఊళ్ళు, చూడని వింతలు' అని ఎవరో ఫోన్లలో చూసుకునే జాబితా ఒకటి రాశారట, అందులో రాకిత్సెల్ ఏడోది. నిన్న మనుషుల ఎముకలతో అలంకరించిన చర్చి చూశాం, రేపు తలకిందులుగా కట్టిన ఇల్లు చూస్తాం అని వచ్చినవాళ్ళు చెప్తుంటారు. ఆ రెండింటికీ మధ్య సవేత ఊడ్చిన గది. ఎముకలకి నొప్పి తెలియదు, తలకిందుల ఇంట్లో ఎవరూ కాపురం చెయ్యరు. ఈ గదిలో ఉన్నది మాత్రం బతికున్న ఆడదీ, బతికున్న మగాడూ. విడిపోవాలన్నంత కష్టం వచ్చిన మనుషులు. ఒక్కరికైనా నవ్వు మధ్యలో ఆగదేం అని సవేతకి ఒళ్ళు మండుతుంది. కానీ ఇరవై రెండేళ్ళూ మండలేదు, అది ఒప్పుకోవాలి. ఆమె కూడా వాళ్ళతో పాటు నవ్వింది. ఈ ఈస్టర్ తర్వాతే నవ్వు రావడం మానేసింది.

ఈస్టర్ అయిన మంగళవారం పొద్దుటి బస్సుకి కూతురు ఇలింకా వచ్చింది. ఒక్క సంచీతో వచ్చింది. కార్లలో బిగించే కరెంటు తీగలు అల్లే ఫ్యాక్టరీలో పని, పెళ్ళయి మూడేళ్ళు, నలభై నిమిషాల దూరంలో కాపురం. కాఫీ కప్పు ఎడమ చేత్తో పట్టుకుంటుంటే సవేత చూసింది. కుడి మణికట్టు వాచి, కమిలి, నేరేడుపండు రంగులో ఉంది. ఏమీ అడగలేదు. క్యాబేజీ ఆకు ఒకటి తీసి, ఈనె మీద అప్పడాల కర్రతో దొర్లించి మెత్తబరిచి, మణికట్టుకి చుట్టి గుడ్డ కట్టింది. కట్టు ముడి వేస్తుండగా ఇలింకా అంది, "అమ్మా, నేనింక వెళ్ళను." గొంతులో ఏడుపు లేదు. బడికి సెలవులిచ్చారు అన్నంత మామూలుగా చెప్పింది.  సవేత తలూపింది గానీ, సరే అనే మాట మాత్రం నోటి దాకా వచ్చి ఆగిపోయింది.

మర్నాడు అల్లుడు కొర్నెల్ వచ్చాడు. పొగబెట్టిన పంది తొడ ఒకటి, ఒక సీసా తెచ్చాడు. "చెయ్యి జారింది మామయ్యా" అన్నాడు. తావి రెండు చిన్న గ్లాసుల్లో ప్లమ్ సారా పోశాడు. "జారినచోట నిలదొక్కుకోవాలి అల్లుడూ. సంసారమన్నాక గిన్నెలు తగలకుండా ఉంటాయా" అన్నాడు. తర్వాత కూతురి వైపు తిరిగి, టోపీ లేకపోయినా టోపీ వెనక్కి నెట్టుకున్నట్టే నుదురు తుడుచుకుని, "మూడు వందల ఏళ్ళలో ఈ ఊరికి ఒక్కటే ఉంది తల్లీ. ఆ రెండోది నా ఇంట్లోంచి పోనిస్తానా?" అని తన మాటకి తానే నవ్వాడు. కొర్నెల్ కూడా నవ్వాడు. ఇలింకా గోడకేసి చూస్తూ కూర్చుంది. వాళ్ళిద్దరూ మాట్లాడుకుంటున్నది ఆ పిల్ల గురించే. ఆ పిల్లని మాత్రం నీ మాటేమిటి అని ఒక్కరూ అడగలేదు.

అంతవరకే అయితే సవేత తావిని తిట్టుకుని ఊరుకునేది. తన నిర్వాకమే ఆమెకి మింగుడుపడదు. సంచీ పట్టుకుని కూతుర్ని కారు దాకా తీసుకెళ్ళింది తనే. ఊరగాయ జాడీ ఒకటి ఒళ్ళో పెట్టింది. కిటికీలోంచి తల దూర్చి, "రెండు వారాలు ఓర్చుకో తల్లీ, అన్నీ సర్దుకుంటాయి" అంది. రెండు వారాలే ఎందుకంది? మూడు ఎందుకు కాదు, నెల ఎందుకు కాదు? వచ్చీరాని జర్మన్‌లో, వచ్చీరాని ఇంగ్లీషులో, తావి లేని రోజుల్లో ఊరికే తలుపు దగ్గర నిలబడి వందలమందికి చెప్పిన ముక్క అది, రెండు వారాలు, అన్నీ సర్దుకునేవి. పరాయివాళ్ళకి చెప్పి చెప్పి నోటికి అలవాటైపోయి కన్నకూతురికి కూడా అదే చెప్పింది. కారు మలుపు తిరిగాక తెలిసింది తనేం మాట్లాడిందో. ఆ రోజు మూడు బస్సులొచ్చాయి, మూడుసార్లూ మెట్లెక్కి తలుపు తీసింది.

ఆగస్టు నెల మరియమ్మ పండుగనాడు ఆ గదికి ఒక ఆచారం ఉంది. పాతికేళ్ళు దాటిన జంటని ఎంచి, పొద్దున ఎనిమిది గంట కొట్టగానే లోపల పెట్టి తాళం వేస్తారు. రెండు వారాలకి బదులు ఎనిమిది గంటలు. నాలుగు కొట్టగానే మేయరు తలుపు తీసి, జనం అందరి ముందూ ఆడమనిషిని అడుగుతాడు, ఇంటికి కలిసే వెళ్తారా అని. ఆమె "కలిసే" అనాలి. బూరలు మోగుతాయి, నెత్తిన పూలదండలు పెడతారు, నాట్యం మొదలవుతుంది. మగమనిషిని అడగరు. పాతకాలంలో పాస్టరు కూడా ఆడదాన్నే అడిగేవాడట, ఫిర్యాదు ఎప్పుడూ ఆవిడదే కాబట్టి. ఇంతవరకూ కలిసే అనే మాట తప్ప ఇంకో మాట ఆ గది గుమ్మం మెట్ల మీద వినపడలేదు. ఆ ఒక్క విడాకుల మనిషి తప్ప. ఆమె పేరు కూడా ఎవరికీ గుర్తులేదు, 'ఆ ఒక్కతి' అంటారు. చెట్టు నుంచి రాలకుండా పట్టుకుని వేలాడే పుల్ల ప్లమ్ పళ్ళని కూడా ఊళ్ళో ఆ ఒక్కతి పళ్ళు అనే పిలుస్తారు.

ఈ ఏడు మేము అని తావి పేరిచ్చి వచ్చాడు. సవేత అప్పుడు కోటగోడ పక్క తొట్టిలో దుప్పటి ఉతుకుతోంది. పక్కింటి లెనూత్సా కూడా అక్కడే ఉంది, క్రితం ఏడు గదిలో కూర్చున్నది ఆమే.

"నన్నొక మాట అడగాలి కదా" అంది సవేత.

"అడిగేదేముందే, నువ్వు ఎలాగూ ఆ గదిలోనే పడి ఉంటావు. కొత్తగా ఇరుక్కునేది నేనే" అన్నాడు తావి. చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. టీవీవాళ్ళు కూడా వస్తున్నారట, తాళంచెవి చేతిలో ఉన్న మనిషినే తాళం వేసి పెట్టడం చూడముచ్చటగా ఉంటుందట.

తావి వెళ్ళాక లెనూత్సా గుసగుసగా అంది. "కూర్చోవే, హాయిగా ఉంటుంది. ఎనిమిది గంటలు పొయ్యి ముట్టుకోనక్కర్లేదు. నా పెళ్ళయ్యాక నేను అంతసేపు కూర్చున్నది ఆ రోజే."

"ఆయన మాట్లాడాడా నీతో?"

"ఎవరు, మా ఆయనా? నిద్రపోయాడు." లెనూత్సా దుప్పటి రెండో కొస పట్టుకుని పిండింది. "సాయంత్రం కలిసే అన్నాను. అనకపోతే ఎక్కడికెళ్తాను?"

కూర్చున్నవాళ్ళకి పొయ్యి ముట్టుకునే పని లేదన్నది నిజమే. కానీ గదిలోకి పంపే పులుసు ప్రతి ఏడూ వండేది సవేతే, తాళంచెవితో పాటు అదీ ఆమెకే అంటుకుంది. ఈ ఏడు తనని తాళం వేసి పెట్టబోయే గదికి తన భోజనం తానే వండుకుంది. ఎర్ర చిక్కుడు గింజలు నానబెట్టి, పొగబెట్టిన మాంసం ముక్కలు వేసి, పులుపు పోసి ఉడికిస్తుంటే నవ్వొచ్చింది. ఆ వెంటనే కోపమొచ్చింది. ఫోన్ తీసి కూతురికి చేసింది. పండుగకి వస్తున్నామని, అత్తగారూ వస్తోందని ఇలింకా చెప్పింది. "చెయ్యి ఎలా ఉంది?" అంటే, "ఏ చెయ్యి?" అంది ఆ పిల్ల. ఒక చెయ్యి మాటే అడిగింది తను. అంటే ఇప్పుడు రెండోదానికీ దెబ్బ తగిలిందన్నమాట. ఆ పూటే నిశ్చయించుకుంది, ఈసారి కూతురు ఊళ్ళోకి వస్తే మళ్ళీ ఆ కారెక్కకూడదు. అందుకు తావిని ఒప్పించాలి. తావితో ఎనిమిది గంటలు ఎదురుబొదురుగా కూర్చునే వీలు ఈ జన్మకి ఆ గదిలోనే దొరుకుతుంది.

పండుగనాడు జర్మనీ నుంచి, ఇటలీ నుంచి సెలవులకొచ్చినవాళ్ళతో గుట్ట నిండిపోయింది. బస్సులు నాలుగు. జనంలో ఇలింకా కనపడింది గానీ పలకరించే సందు దొరకలేదు. తావి మెడలో ఎర్ర రుమాలు కట్టుకుని, ఉరికంబం ఎక్కుతున్నవాడిలా అందరికీ చేతులూపుతూ లోపలికొచ్చాడు. మేయరు తాళం వేశాడు. తావి తిన్నగా కిటికీ దగ్గరికెళ్ళి ఊచల్లోంచి కేకేశాడు. "ఏమయ్యా, ఇంకో చెంచా ఉంటే ఇలా విసరండి. మా ఆవిడ నాకేమీ మిగిల్చేట్టు లేదు." బయట నవ్వులు. మొదటి రెండు గంటలూ అలాగే గడిచాయి. ఎవరొచ్చి కిటికీలోంచి తొంగి చూసినా ఒక జోకు. ఉన్న ఒక్క కుర్చీ ఆయన కిటికీ దగ్గరికి లాక్కున్నాడు. సవేత మంచం అంచున కూర్చుంది. దుప్పటి తను ఉతికిందే, ఇంకా సబ్బు వాసన వస్తోంది.

మధ్యాహ్నం కిటికీలోంచి పులుసు అందించారు, రొట్టె ఇచ్చారు. తావి పళ్ళెం ఒళ్ళో పెట్టుకుని చెంచా తీసుకున్నాడు. ఒక్కసారి కూడా తల ఎత్తలేదు. మాంసం ముక్కలు ఏరుకుని తిన్నాడు, గింజలు తిన్నాడు, తినడం అయ్యాక చెంచాని రొట్టె ముక్కతో తుడిచి, ఆ ముక్క కూడా నోట్లో వేసుకుని, పళ్ళెం ఇటు జరిపాడు. "తిను, ఇంకా చాలా ఉంది" అన్నాడు. నిజమే, అడుగున చల్లారిన పులుసు ఉంది, నాలుగైదు గింజలున్నాయి.

"తావీ, ఒక మాట అడగనా."

"అడుగు. పారిపోయే దారి లేదుగా."

"అప్పట్లో ఇక్కడ రెండు వారాలు ఉన్నవాళ్ళు. ఒకే చెంచా కదా. ముందు ఎవరు తిని ఉంటారంటావు?"

"ఇదేం ప్రశ్నే. మగాడే తింటాడు. ఆకలి వాడికెక్కువ కదా."

"మరి పళ్ళెం ఎవరు కడిగి ఉంటారు?"

తావి పళ్ళు కుట్టుకుంటూ నవ్వాడు. "నువ్వుంటే నువ్వే కడిగేదానివి. ఇంట్లో కడుగుతున్నావుగా."

ఆయన ఏ దురుద్దేశమూ లేకుండా అన్నాడు. అదే సవేతకి మరీ భరించలేనట్టు అనిపించింది. ఇరవై రెండేళ్ళలో వేలమంది ఈ చెంచా పట్టుకున్నారు, ముందెవరు తిన్నారని ఒక్కరూ అడగలేదు. తనూ అడగలేదు, రోజూ కడుగుతూ కూడా. ఇరుకు మంచంలో ఒకరినొకరు హత్తుకోక తప్పదు అని తావి చెప్తే కుర్రజంటలు కిలకిలా నవ్వుతారు. కొట్టే మగాడి పక్కన ఇరుకు మంచంలో గోడకి అంటుకుని పడుకున్న ఆడదానికి అందులో నవ్వేముంది? పద్నాలుగు రోజులు చల్లారిన మిగులు తిని, పద్నాలుగు రాత్రులు ఆ మంచంలో పడుకుని, ఇంటి దగ్గర పిల్లలు ఎవరి చేతి తిండి తింటున్నారో, ఆవు పాలు ఎవరు పిండుతున్నారో అని కుమిలి కుమిలి, తలుపు తీయగానే కలిసే అనే అని ఉంటుంది. పిల్లల కోసం అంది, ఆకలికి అంది, భయానికి అంది. దానికి ప్రేమ తిరిగొచ్చింది అని పేరు పెట్టారు. పేరు పెట్టి ఊరుకోక బురుజు మీద రాశారు. ఒకర్ని గదిలో పెట్టి తాళం వేసి లొంగదీసి, చూశారా ఎంత కలిసిమెలిసి ఉన్నామో అని ప్రపంచాన్ని పిలిచి చూపిస్తున్నారు. చూపించేవాళ్ళలో తనే ముందుంది. తలుపు తీసింది తను, నేల తుడిచింది తను. ఎవరి మీద కోప్పడాలో తెలియక సవేత పళ్ళెం కింద పెట్టేసింది. ఆ మిగులు తినలేదు.

"ఇలింకా వచ్చింది ఇవాళ" అంది.

"చూశాను. కళకళలాడుతోంది."

"మళ్ళీ కొట్టాడు తావీ. అది చెప్పలేదు, నాకు తెలుసు. ఇవాళ దాన్ని మన ఇంట్లోనే ఉంచేద్దాం. నువ్వు కొర్నెల్‌తో ఒక్క మాట చెప్పు, చాలు. నువ్వు చెప్తే గొడవ ఉండదు."

తావి కిటికీ వైపు చూసి గొంతు తగ్గించాడు. ఆ రోజంతా ఆయన గొంతు తగ్గించింది అప్పుడే. "పండుగ పూట, ఈ గదిలో కూర్చుని ఆ మాటలా? ఎవరైనా వింటే? మనం ఏం చెప్పి జనాన్ని రప్పిస్తున్నాం ఇక్కడికి? విడాకుల్లేని ఊరనేగా. అట్ట మీద నా పేరుంది. నా కూతురే వదిలేసి వచ్చిందంటే రేపు ఏ మొహం పెట్టుకుని వేలెత్తి ఒక్కటి అంటాను?"

"అది దెబ్బలు తింటుంటే నువ్వు జోకు పోతుందని ఆలోచిస్తున్నావా?"

"జోకు కాదే, బతుకుతెరువు. పరువు. నువ్వు మాత్రం? దాన్ని కారెక్కించింది నువ్వు కాదూ? రెండు వారాలు ఓర్చుకోమన్నది ఎవరు? నేను విన్నాను." లేచి మంచం మీదికొచ్చాడు. "కొంచెం జరుగు. నడుం వాలుస్తాను. నాలుగింటికి కలిసే అను, నవ్వుతూ అను, టీవీవాళ్ళున్నారు. మిగతావి ఇంటికెళ్ళి మాట్లాడుకుందాం." సవేత లేచి కుర్చీలో కూర్చుంది. ఆయన గోడవైపు తిరిగి పడుకున్నాడు, కాసేపటికి గురక మొదలైంది. ఇంటికెళ్ళి మాట్లాడుకోవడం అనేది ఈ ఇరవై ఎనిమిదేళ్ళలో ఒక్కసారీ జరగలేదని ఆమెకి తెలుసు. ఆయన అన్నదాంట్లో అబద్ధం లేదు. కారెక్కించింది తనే. ఆ తప్పు దిద్దాల్సింది కూడా తనే, ఇంకెవరి అనుమతీ అక్కర్లేదు అనుకున్నాక మనసు కుదుటపడింది. మిగిలిన మూడు గంటలూ చేతులు ఒళ్ళో పెట్టుకుని ఊరికే కూర్చుంది.

నాలుగు కొట్టాక తలుపు తెరుచుకుంది. ఎండ మొహాన కొట్టింది. మెట్ల కింద జనం, కెమెరాలు, బూరలు నోటికి ఆనించుకుని సిద్ధంగా ఉన్న వాయిద్యగాళ్ళు. తావి జుట్టు సర్దుకుని బయటికొచ్చి, చచ్చి బతికినవాడిలా గుండె మీద చెయ్యి వేసుకున్నాడు, జనం చప్పట్లు కొట్టారు. సవేత కళ్ళు కూతుర్ని వెతికాయి. రెండో వరసలో ఉంది. ఒక పక్క కొర్నెల్, ఇంకో పక్క వాడి తల్లి. కొర్నెల్ చెయ్యి ఇలింకా మెడ వెనక ఉంది. చూసేవాళ్ళకి ముద్దుగానే ఉంటుంది. జనం నవ్వినప్పుడు ఇలింకా ముందు వాడి మొహం చూసి, వాడు నవ్వాకే తనూ నవ్వుతోంది.

మేయరు గొంతు సవరించుకున్నాడు. "సవేత గారూ, ఆచారం ప్రకారం మిమ్మల్నే అడుగుతున్నాను. ఇంటికి కలిసే వెళ్తారా?" అని మైకు ఆమె నోటి ముందు పెట్టాడు.

సవేత ఆ మైకు ఆయన చేతిలోంచి తీసుకుంది. "నాకంటే ముందు అడగాల్సిన మనిషి ఒకతి ఉంది" అంది. కూతురి వైపు తిరిగింది. "ఇలింకా. ఈస్టర్ తర్వాత నువ్వొచ్చినప్పుడు నిన్ను ఎవరూ అడగలేదు. మీ నాన్న అడగలేదు. నేనూ అడగలేదు, ఊరగాయ ఇచ్చి కారెక్కించాను. తప్పు నాది తల్లీ. ఇప్పుడు అడుగుతున్నాను. నీకు వాడితో కలిసి వెళ్ళాలనుందా?"

ఇదీ పండుగ వేడుకలో భాగమే అనుకుని కొందరు నవ్వారు. బస్సులవాళ్ళు ఫోన్లు ఇంకా పైకెత్తారు. "సవేతా, ఏంటే ఇది" అన్నాడు తావి పళ్ళ మధ్య నుంచి. కొర్నెల్ మొహం ఎర్రబడింది. "అత్తయ్యా, నలుగురిలో ఇదేం మాట? మేం బాగానే ఉన్నాం" అన్నాడు.

"నిన్ను అడగలేదు బాబూ. దాన్ని అడిగాను."

వాడి చెయ్యి ఇలింకా మెడ మీద బిగుసుకోవడం మెట్ల మీదికి కనపడింది. అప్పుడు జనంలోంచి లెనూత్సా కదిలింది.  లావుపాటి మనిషి, భుజాలతో తోసుకుంటూ వచ్చి వాళ్ళిద్దరి మధ్యకి దూరి నిలబడింది. "జరుగు నాయనా, నాకు కనపడట్లేదు" అంది. చెయ్యి తియ్యక తప్పలేదు వాడికి. ఇలింకా తల్లి వైపే చూస్తోంది. ఈసారి పక్కకి తిరిగి ఎవరి మొహమూ చూడలేదు.

"లేదమ్మా" అంది. "నాకు వెళ్ళాలని లేదు."

నవ్వులు ఆగిపోయాయి. ఇలింకా జనం మధ్య నుంచి మెట్ల దగ్గరికి నడిచి వచ్చింది, ఆడవాళ్ళు పక్కకి జరిగి దారి ఇచ్చారు. సవేత రెండు మెట్లు దిగి కూతురి చెయ్యి పట్టుకుంది, మణికట్టు దగ్గర కాదు, వేళ్ళ దగ్గర. మేయరు చెమట తుడుచుకుంటూ దగ్గరికి వంగాడు. "అది మీ ఇంటి విషయం సవేత గారూ, తర్వాత చూసుకోవచ్చు. టీవీవాళ్ళు ఆగారు. మీ జవాబు ఒక్కటి చెప్పెయ్యండి. కలిసే వెళ్తారా?"

"నేను నా కూతుర్ని తీసుకుని ఇంటికి వెళ్తున్నాను" అంది సవేత. "అది అక్కడే ఉంటుంది. మా ఇద్దరితో కలిసి వస్తాడో లేదో ఆయన్నే అడగండి. ఎప్పుడూ ఆడవాళ్ళనే అడుగుతారేం?"

మైకు మేయరు చేతిలో పెట్టి, కూతురితో పాటు మెట్లు దిగింది. మేయరు ఇంకేం చెయ్యాలో తోచక, మైకు తావి నోటి ముందు పెట్టాడు. ఈ ప్రశ్నకి మగవాడు ఏం చెప్పాలో ఆచారంలో లేదు. తావి నోరు తెరిచాడు. జనమంతా ఆయన జవాబు కోసం నిలబడి ఉన్నారు.